ప్రాజెక్టు గుట్టు ఎవరి దగ్గరుంది?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగింది. గేటు ఏటిపాలైంది. డ్యాం నిండుగా ఉన్న సమయం అది. కర్నూలు, అనంతపురం, బళ్లారి, రాయచూరు రైతులు ఆ నీటి మీద ఆశ పెట్టుకుని నార్లు పోసుకున్నారు. ఆ ఒక్క ఖాళీ మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్లు వదలాల్సి వచ్చింది. పంట నీళ్లు కళ్లముందే ఏట్లో కలిసిపోయాయి.

ఖాళీలో అడ్డు పెట్టడానికి స్టాప్‌లాగులు సిద్ధంగా లేవు. పారే నీళ్లలో వాటిని ఎలా దించాలో తెలిసిన మనిషి కోసం వెతికితే కన్నయ్య నాయుడు గారు గుర్తొచ్చారు. ఉద్యోగం మాని ఏళ్లు గడిచిన పెద్దాయన. ఆయన వచ్చి నిలబడ్డారు. కార్మికులు ప్రాణాలు పణంగా పెట్టి పనిచేశారు. వారం రోజుల్లో ఖాళీ మూశారు. ఆయనకూ, ఆ కార్మికులకూ రైతాంగం తరఫున దండం పెడుతున్నాం.

దండం పెట్టాక ఒక ప్రశ్న మిగులుతుంది. 33 గేట్ల డ్యాంలో ఒక గేటు పోతే ఏం చేయాలన్న తెలివి ఒక పెద్దమనిషి తలలోనే ఉంటే, ప్రభుత్వ శాఖల దగ్గర ఏముంది? ఆయనకు ఆ వారం ఒంట్లో బాగోకపోతే ఎవరిని పిలిచేవారు?

ఇది తుంగభద్ర ఒక్కదాని కథ కాదు. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది. 2022లో గుండ్లకమ్మలో మరో గేటు పోయింది. తర్వాత తుంగభద్ర. మూడేళ్లలో మూడు చోట్ల గేట్లు పోయాయి. పులిచింతలలో ఏం జరిగిందో తేల్చి, ఆ కాగితం మిగతా ప్రతి ప్రాజెక్టుకూ పంపి, 'మీ దగ్గర ఇలా ఉందా, చూసి సంతకం పెట్టండి' అని అడిగి ఉంటే తర్వాతి రెండింటికీ అది హెచ్చరికయ్యేది. ఒక చోట పోయిన గేటు మరో చోటి గేటుకు పాఠం కాలేదు.

మేం ఈ నెల చెప్పదలచింది ఇదే. ప్రాజెక్టు అంటే సిమెంటు, ఇనుము, మట్టి మాత్రమే కాదు. దాని గురించిన తెలివి కూడా ప్రాజెక్టే. పునాది కింద ఏ మట్టి ఉంది, ఏ డ్రాయింగు ఎందుకు మార్చారు, ఏ గేటు ఏ ఏడు మొరాయించింది, ఏ మోటారుకు ఎప్పుడు మరమ్మతు చేశారు అన్నవన్నీ తెలిసి, రాసి, తర్వాతి వాళ్ల చేతికి అందాలి. కాంక్రీటు కూలడానికి చాలా ముందే ఈ తెలివి కూలుతోంది. కాంక్రీటు కూలితే టీవీలో చూపిస్తారు. తెలివి కూలితే ఎవరికీ కనపడదు.

గొలుసుకట్టు నేర్పిన పాఠం

'సిస్టమ్స్ థింకింగ్' అని ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక పాఠం చెబుతారు. ఏ భాగాన్నీ విడిగా చూడొద్దు, ఒకటి కదిలితే ఇంకేం కదులుతుందో చూడు అన్నదే దాని సారం. ఈ మాట మనకు కొత్తదేమీ కాదు. గొలుసుకట్టు చెరువుల కింద సాగు చేసిన వాళ్లకు ఇది పుట్టుకతో తెలుసు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు వస్తాయి. పై కట్ట తెగితే కింది కట్టకు గండం. అందుకే వాన ముసురుకుంటే నీరటి తన చెరువు ఒక్కదాన్నే చూసుకునేవాడు కాదు. పై ఊరికి కబురంపి కనుక్కునేవాడు, కింది ఊరికి కబురు చేసేవాడు. రాయలసీమలో నీరుగంటి చేసిందీ అదే. ఏ తూము ఎంత లాగుతుందో, కట్టలో ఎక్కడ ఊట దిగుతుందో అతనికి తెలుసు. తన కొడుక్కు చూపించి పోయేవాడు.

2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు కింద అన్నమయ్య ప్రాజెక్టు మీద పడ్డాయి. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. స్పిల్‌వే తట్టుకోగలిగింది రెండు లక్షల క్యూసెక్కుల పైచిలుకు. వచ్చిన వరద మూడు లక్షలు దాటింది. మట్టికట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీదికి ఏరు వచ్చింది. జనం పోయారు, పశువులు పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది.

పింఛాలో ఏం జరుగుతోందో అన్నమయ్యకు తెలియాలి. అన్నమయ్యలో గేటు పనిచేయడం లేదన్నది పైనుంచి నీళ్లు వదిలే వాళ్లకు తెలియాలి. ఈ రెండూ చెయ్యేటి గట్టున ఉన్న ఊళ్లకు తెలియాలి. పాతకాలపు నీరటి కాలినడకన చేసిన పనిని, చేతిలో ఫోన్లున్న యంత్రాంగం చేయలేకపోయింది. వాన అతిగా కురిసిందన్నారు. కురిసిన మాట నిజమే. మరి గేటును కూడా వానే పాడు చేసిందా?

పోలవరం: ఒక ఫైలు ఇంకో ఫైలును చూడలేదు

పోలవరంలో నది ఇసుక కింద రాయి తగిలేదాకా ఒక కాంక్రీటు గోడ దించారు. దాన్ని డయాఫ్రం వాల్ అంటారు. పునాది కిందనుంచి నీళ్లు జారకుండా ఆపేది అదే. ప్రధాన డ్యాం దాని మీదే లేవాలి. 2018 నాటికి ఆ గోడ పూర్తయింది. డ్యాం కట్టేదాకా నదిని పక్కకు మళ్లించడానికి ఎగువన, దిగువన కాఫర్ డ్యాంలు కావాలి. మళ్లిన నది పారడానికి స్పిల్‌వే కావాలి.

ఇక్కడే ముడి పడింది. ఎగువ కాఫర్ డ్యాం పూర్తిగా మూస్తే వెనక్కి తన్నే నీళ్లు ముంపు గ్రామాల్లోకి వస్తాయి. ఆ గ్రామాల వాళ్లకు పరిహారం, ఇళ్లు, భూములు ఇచ్చి పంపాలి. ఆ పని నత్తనడక నడిచింది. కాబట్టి కాఫర్ డ్యాం మూయలేక ఖాళీలు వదిలారు. స్పిల్‌వే కూడా అప్పటికి సిద్ధం కాలేదు. ఈ మధ్యలో ప్రభుత్వం మారింది, కాంట్రాక్టరూ మారాడు. 2019లో, 2020లో గోదావరి తన టైముకు తాను వచ్చింది. వెడల్పుగా పారాల్సిన నది ఆ ఇరుకు ఖాళీల్లోంచి దూసుకెళ్లింది. ఇసుక కోసుకుపోయి అగాధాలు పడ్డాయి. డయాఫ్రం వాల్ దెబ్బతింది. స్పిల్‌వే మీదుగా నదిని మళ్లించింది 2021 జూన్‌లో. పాత గోడ ఎంత దెబ్బతిన్నదో తేల్చడానికి ఇంకో రెండేళ్లు. 2025 జనవరిలో దాని పక్కనే కొత్త గోడ పని మొదలుపెట్టారు. ఖర్చు వెయ్యి కోట్లకు దగ్గర.

'మా హయాంలో బాగానే ఉంది, మీ హయాంలో పాడైంది' అని రెండు పార్టీలు ఏళ్ల తరబడి తిట్టుకున్నాయి. ఎవరి తప్పు ఎంతో విచారణలు తేల్చాలి, తేల్చి తీరాలి. మేం అడిగేది వేరే. గిరిజన రైతుకు ఇల్లు చూపించడం ఆలస్యమైతే ఆ ఆలస్యం డయాఫ్రం వాల్ దాకా వస్తుందని ముందే ఎవరైనా గీత గీసి చూపించారా? పునరావాసం ఒక శాఖ ఫైలు. కాఫర్ డ్యాం ఇంకో శాఖ ఫైలు. కాంట్రాక్టు రద్దు కేబినెట్ ఫైలు. డిజైన్లు ఢిల్లీలో కేంద్ర జల సంఘం దగ్గర. పర్యవేక్షణ పోలవరం అథారిటీది. ఇన్ని కళ్లున్నాయి, అన్నిటినీ కలిపి చూసే చూపు లేదు. నది మాత్రం అన్ని ఫైళ్లనూ కలిపే చదివింది.

ముంపు ప్రాంతంలో మన సంఘం మొదటినుంచీ 'ముందు పునరావాసం, తర్వాతే డ్యాం' అంటూ వచ్చింది. మమ్మల్ని ప్రాజెక్టుకు అడ్డుపుల్ల వేసేవాళ్లన్నారు. ఇప్పుడు లెక్క చూడండి. లక్షకు పైగా కుటుంబాల న్యాయం సంగతి పక్కన పెట్టి, ఒట్టి ఇంజనీరింగ్ లెక్కే చూసుకున్నా, పునరావాసం ముందు చేసి ఉంటే కాఫర్ డ్యాం సకాలంలో మూసేవారు. నిర్వాసితుడి ఇల్లు కూడా డ్యాంలో ఒక భాగమే. అది కట్టకపోతే డ్యాం నిలవలేదు. దీని నష్టం నిర్వాసితులతో ఆగలేదు. ఏడు లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు ఇంకా ఎదురు చూస్తూనే ఉంది.

మేడిగడ్డ: కట్టిన చేయి వేరు, నడిపిన చేయి వేరు

2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ప్రారంభించి నాలుగేళ్లు దాటింది అంతే. చూడటానికి వచ్చిన జాతీయ డ్యాం భద్రతా సంస్థ బృందం పునాది కింద ఇసుక జారిపోయిందని చెప్పింది. ప్రణాళికలో, డిజైన్‌లో, నాణ్యతలో, నిర్వహణలో నాలుగింటా లోపాలున్నాయంది. నీళ్లు నింపినప్పటినుంచి తనిఖీలు, నిర్వహణ సరిగా లేవంది. అడిగిన పత్రాల్లో కొన్నే తమకు అందాయని కూడా రాసింది.

ఆ చివరి మాట దగ్గర ఆగుదాం. కుంగిన బ్యారేజీ దగ్గరికి కేంద్ర నిపుణులు వస్తే కూడా పత్రాలన్నీ బల్ల మీదికి రాలేదు. ఉండి ఇవ్వలేదా, అసలు లేవా? రెండిట్లో ఏది నిజమైనా అది నేరమే.

ఇసుక మీద కట్టే బ్యారేజీ నీళ్లను మళ్లించడానికి పనికొస్తుంది. రిజర్వాయరులా ఏడాది పొడవునా నింపి పెడితే పునాది మీద పడే భారం మారిపోతుంది. ఈ సంగతి డిజైన్ చేసిన వాళ్లకు తెలియాలి. మోటార్లకు నీళ్లు నిండుగా ఉండాలని ఆదేశించే వాళ్లకూ తెలియాలి. తొలి వరదల తర్వాతే దిగువన కాంక్రీటు దిమ్మెలు చెదిరిపోయిన సంగతి శాఖకు తెలుసు. నిర్మాణ సంస్థకు ఉత్తరాలు రాశారు. ఉత్తరాలు నడిచాయి గాని పని నడవలేదు. తెలిసినవాడికి ఆపే అధికారం లేదు, అధికారం ఉన్నవాడు తెలుసుకోలేదు. ఇప్పుడు మూడు బ్యారేజీల్లోనూ నీళ్లు నిలపడం ఆగిపోయింది. అప్పు మాత్రం ఆగదు, వడ్డీ మాత్రం ఎండదు.

2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులను కోల్పోయాం. ఊట నీళ్లతో, యంత్రం మొరాయింపులతో ఏళ్లపాటు ఆగిన పని అది. మళ్లీ మొదలైన కొద్ది రోజులకే కూలింది. పైన పులుల అడవి ఉండటంతో బోర్లు వేసి లోపలి రాతిని చూసే వీలు లేని చోటు. అలాంటి చోట ప్రతి రోజూ లోపల కనపడిందే తెలివి. ఊట పెరిగిందా, మట్టి రాలుతోందా అన్నది ముందు చూసేది కూలీ. కూలీ చూసింది పనిని ఆపగలిగే వ్యవస్థ ఉండాలి.

తెలివి ఎక్కడికి పోయింది?

సాగర్ కట్టిన రోజుల్లో శాఖే సర్వే చేసేది, శాఖే డిజైన్ గీసేది, శాఖ ఇంజనీరే కట్ట మీద నిలబడి కట్టించేవాడు. తప్పులు లేవని కాదు. కానీ ఆ తెలివి ప్రభుత్వం దగ్గరే ఉండేది. 2004 తర్వాత జలయజ్ఞంలో ఈపీసీ పద్ధతి తెచ్చారు. సర్వే, డిజైన్, సామగ్రి, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరుకే. శాఖ పని చూసి ఆమోదించడం. చేయడం మానేస్తే చూడటం కూడా మరిచిపోతాం. ఇరవై ఏళ్లలో ఒక తరం ఇంజనీర్లు రిటైరయ్యారు. వాళ్ల చేతుల్లోని పనితనం ఇళ్లకు పోయింది. కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టరు, వాడి కింద ఇంకొకడు. పని ముగిశాక అందరూ పోతారు. ప్రాజెక్టు మిగులుతుంది, దాని గుట్టు తెలిసినవాడు మిగలడు.

కింది స్థాయిలోనూ ఇదే కథ. లష్కర్లు రిటైరైన చోట కొత్తవాళ్లను వేయడం లేదు. ఒకే లష్కరు మైళ్ల కాలువ చూస్తాడు. మా సభ్యులున్న ఒక మేజరు కాలువ సంగతే చెబుతాం. ఆధునికీకరణ పేరుతో లైనింగు చేశారు. ఒక తూము అడుగు మట్టాన్ని పొలం కన్నా ఎత్తున పెట్టారు. 'ఇక్కడ నీళ్లెక్కవు బాబూ' అని పాత లష్కరు ఆ రోజే అన్నాడు. వినలేదు. నాలుగేళ్లుగా ఆ తూము కింద చివరి భూములకు చుక్క రాలేదు. డ్రాయింగు చూపించమని ఆఫీసుకు పోతే కాంట్రాక్టరు దగ్గరుందన్నారు. కాంట్రాక్టరు పని ముగించి వెళ్లిపోయాడు. లష్కరు రిటైరయ్యాడు. ఏఈ బదిలీ అయ్యాడు. తూము మాత్రం అక్కడే ఉంది, ఎత్తున.

మేడిగడ్డ పెద్దది, మా తూము చిన్నది. రోగం ఒక్కటే.

'మీకెందుకు ఇవన్నీ?'

ఇవి సాంకేతిక విషయాలు, రైతులకేం అర్థమవుతాయి అంటారు. పునాది ఇసుక లెక్కలు మాకు అర్థం కాకపోవచ్చు. కానీ గేటుకు గ్రీజు పెట్టారా, తనిఖీ తేదీ రాశారా, పోయినేడు రాసిన లోపం ఈ ఏడు సరిదిద్దారా అని అడగడానికి పట్టా అక్కర్లేదు. పైగా నష్టం భరించేది మేమే. తుంగభద్రలో గేటు పోయిన మరుసటి ఏడు, గేట్లు మార్చేదాకా 80 టీఎంసీలకు మించి నిలపొద్దని నిపుణులు చెప్పారు. ఆ తగ్గిన నీళ్లు ఏ ఆఫీసు కుళాయిలోనూ తగ్గలేదు, మా మడిలో తగ్గాయి.

భద్రతా రహస్యాలు బయటపెట్టకూడదు అంటారు. గేటు తుప్పు పట్టిన సంగతి శత్రు దేశానికి కాదు, దిగువ ఊరికి తెలియకుండా దాస్తున్నారు.

చట్టాలు లేక కాదు. 2021 డ్యాం భద్రతా చట్టం ప్రకారం వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు చేయాలి. ప్రతి పెద్ద డ్యాంకూ లాగ్ పుస్తకం ఉండాలి. ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రణాళిక ఉండాలి. 1997 నాటి చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు నిర్వహణలో హక్కు ఇచ్చింది. 2005 సమాచార హక్కు చట్టం అడక్కుండానే వివరాలు బయటపెట్టమంది. మూడు చట్టాలూ బీరువాలో ఉన్నాయి. తాళం మనం అడగాలి.

మన వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. మన ధర్నాలన్నీ 'నీళ్లు వదలండి' అన్న దగ్గరే ఆగాయి. 'లాగ్ పుస్తకం చూపించండి' అని ఏనాడూ అడగలేదు. కాలువ గుట్టంతా తెలిసిన మన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే వాళ్లు చెప్పింది ఒక నోటు పుస్తకంలో రాసుకోలేదు. ఈ లోపం మనమే సరిదిద్దుకోవాలి.

మా డిమాండ్లు

1. ప్రతి ప్రాజెక్టుకూ ఒక ప్రాజెక్టు పుస్తకం ఉండాలి. పునాది బోర్ల వివరాలు, కట్టినట్టుగా గీసిన డ్రాయింగులు, చేసిన ప్రతి మార్పు, దాని కారణం అందులో ఉండాలి. అది ప్రభుత్వ ఆస్తి. అప్పగించనిదే కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించరాదు.

2. వానాకాలానికి ముందు జలవనరులు, రెవెన్యూ, పునరావాసం, విద్యుత్ శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆయకట్టు రైతుల, నిర్వాసితుల ప్రతినిధులు ఆ బల్ల దగ్గర ఉండాలి. ఈ పని ఆగితే ఇంకేం ఆగుతుందో, ఏం కూలుతుందో రాతపూర్వకంగా తేల్చాలి.

3. పని మధ్యలో కాంట్రాక్టరును మార్చాలంటే, రాబోయే వరదకు ఏమవుతుందో స్వతంత్ర నిపుణులు ముందుగా నివేదిక ఇవ్వాలి.

4. ఎక్కడ ప్రమాదం జరిగినా మూడు నెలల్లో కారణాల నివేదిక తెలుగులో బయటపెట్టాలి. అన్ని ప్రాజెక్టులకూ పంపి, సరిచూసుకున్నట్టు సంతకాలు తీసుకోవాలి.

5. లష్కర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, గేటు ఆపరేటర్ల ఖాళీలు నింపాలి. రిటైరయ్యే మనిషి పక్కన కొత్త మనిషిని ఒక పూర్తి వానాకాలం నిలబెట్టి పని నేర్పించాలి.

6. లష్కరు, కూలీ, రైతు చెప్పిన లోపాన్ని రిజిస్టరులో ఎక్కించి రసీదు ఇవ్వాలి. ఏం చేశారో, చేయకపోతే ఎందుకు చేయలేదో జవాబు రాయాలి.

7. డ్యాం దిగువ ప్రతి పంచాయతీలో ప్రమాద ప్రణాళిక తెలుగులో గోడ మీద ఉండాలి. సైరన్లు పనిచేస్తున్నాయో లేదో ఏటా మోగించి చూపాలి.

సంఘం శాఖలకు ఒక మాట. ఈ నెలలోనే మీ కాలువ, మీ చెరువు, మీ డ్యాం తనిఖీ నివేదికల కోసం సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టండి. ఒక పాత లష్కరునో, నీరటినో, పెద్ద రైతునో కూర్చోబెట్టి ప్రతి తూము చరిత్ర రాసుకోండి. చదువుకున్న మన పిల్లల చేత రాయించండి. జవాబులు రాగానే సంఘం ఆఫీసుకు పంపండి. రాకపోతే అప్పీలుకు పోదాం, ఆఫీసు ముందు కూర్చుందాం.

ప్రాజెక్టులు మన భూముల మీద, మన పన్నులతో, మన పేరు చెప్పి కట్టారు. నీళ్లలో వాటా ఎంతో మనకు హక్కుగా తెలియాలని పోరాడాం. ఆ నీళ్లను పట్టి నిలిపే గోడ గుట్టు కూడా హక్కుగానే తెలియాలి. వచ్చే వానాకాలం లోపు లాగ్ పుస్తకం తెరిపిద్దాం.